కృష్ణపై నొక పగలు



మందమర్రి యను పేరు వినగానే చదువరులకు మొదట దోచునది బొగ్గు. అది నిజమే. మా యూరిలో వారము, తిథి తరువాతి మాటలు. మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు అను మూడు మాటలతోనే మా సంసారములు నడచును. పొయ్యి యెప్పుడు రాజవలెనో, పిల్ల లెప్పుడు సద్దుచేయక పండుకొనవలెనో నిర్ణయించునది గని. గనిని మావారు గని యనరు, బాయి యందురు. మగవాడు బాయికి పోయినప్పటినుండి తిరిగి వచ్చువరకు ఇంటిలోని స్త్రీ నోటితో నేమియు ననదు గాని, ఆమె చెవి వీధివైపే యుండును. ఈ సంగతి బొగ్గుబాయి కుటుంబములలోని వారికి చెప్ప నక్కరలేదు. తక్కినవారి కొఱకు వ్రాయుచున్నాము.

ఇట్టి యూరివారికి నీటిమీద విహారమేమి యని యడుగవచ్చును. మాకు నది లేకపోలేదు. పది పదునైదు కిలోమీటర్ల దూరమున మంచిర్యాలను ఒరసికొని గోదావరి పాఱుచున్నది. కార్తిక పూర్ణిమకు స్నానము చేసితిమి, 2015లో పుష్కరములకు వెళ్లితిమి, దీపములు వదలితిమి. కాని మోకాటిలోతు దాటి యెన్నడును పోలేదు. అచ్చట మేము చూచిన పడవలన్నియు చేపలవారివే. పైగా మా గోదావరి యీ మధ్య నొక్క తీరున నుండుట లేదు. 2019లో కాళేశ్వరము బరాజులు కట్టబడిన పిమ్మట గోదావరిఖని వంతెనక్రింద ఎండకాలమునను నీరు నిండుగ నిలిచి, చూచువారి కన్నులు చల్లబడెను. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు స్తంభములు క్రుంగెను. తరువాత దాని ఎగువనున్న అన్నారము, సుందిళ్ల బరాజులలోని నీటిని గూడ వదలివేసిరి. మరల ఇసుక తేలెను. ఏటిని నమ్మి యేమి యేర్పాటు చేసికొనగలము?

మా మేనకోడలు బెజవాడలో చదువుకొనుచున్నది. కృష్ణ యొడ్డున చిన్నచిన్న పడవలను గంటల లెక్కన అద్దెకిచ్చుచున్నారనియు, వానిని సరంగు లేకయే ఎక్కినవారు తామే నడుపుకొనవచ్చు ననియు ఆ పిల్ల పండుగకు వచ్చినప్పుడు చెప్పి, సెల్‌ఫోనులో బొమ్మలు చూపెను. ఎఱ్ఱవి, పసుపుపచ్చవి, పొడుగుపాటి దోసపండ్లవలె నుండెను. వానిని కయాక్ లందురట. మా ఇంటిలో నీ మాట మూడుదినములు నానెను. మా అత్తగారు మాత్రము ఒక్కటే పట్టు పట్టిరి: “నీళ్లల్ల ఆడోళ్లకేం పని బిడ్డా? చూసి రాండ్రి, ఎక్కకుండ్రి.”

ఆమెకు సమాధానము చెప్పుటకై మేము కొంత తెలిసికొనవలసి వచ్చెను. తెలిసికొన్నది చాల ముచ్చటగ నున్నది. కయాక్ అనునది ఉత్తరధ్రువ ప్రాంతమున, గ్రీన్‌లాండు, అలాస్కా మొదలగు మంచుదేశములలో నివసించు ఇన్యూట్ మొదలగు జాతులవారి పడవ. అచ్చట చెట్లు లేవు. సముద్రము కొట్టుకొనివచ్చిన కొయ్యతోనో, తిమింగలపు టెముకలతోనో చట్రము కట్టి, దానిపై సీలు అను నీటిజంతువు తోలు బిగించెడివారు. మగవాడు దానిలో కూర్చుండి వేటకు పోవును. ఆ తోలును పదును చేసి, నరముల దారముతో చుక్క నీరు జొరకుండ కుట్టెడివారు స్త్రీలు. కుట్టులో నొక్క ముడి వదులైనను వేటగాడు మంచునీటిలో మునుగును. అనగా మగవాని ప్రాణము స్త్రీ సూదిమొనపై నుండెడిది. అంతేకాదు. ఆ జాతులవారికే ఉమియాక్ అను పెద్దపడవ యొకటి కలదు. కుటుంబములను, సామానును మోయు ఆ పడవను అనేకచోట్ల స్త్రీలే నడుపుచుండుటచేత దానికి ‘ఆడువారి పడవ’ యని పేరు వచ్చెను.

ఇది విని మా అత్తగారు కొంతసే పూరకుండి, “అయితే నేనుగూడ వస్త. ఒడ్డుమీద కూసుంట” అనిరి. అనుమతి యని మేము గ్రహించితిమి.

సంక్రాంతి వెళ్లిన పిమ్మట, మాఘమాసములో, ఆరుగురము స్త్రీలము బయలుదేరితిమి: మేనకోడలు ముందే అచ్చట నుండెను గనుక ఇచ్చటినుండి అయిదుగురము, పెద్ద వదినగారు, తోడికోడలు, ప్రక్క క్వార్టరు అక్కగారు, ఆమె కూతురు, మేము. అత్తగారు ఏడవవారు. మంచిర్యాలలో రాత్రి బండి యెక్కితిమి. సుమారు మూడువందల కిలోమీటర్ల ప్రయాణములో చెప్పదగినది లేదు, అందఱును నిద్రించిరి. డోర్నకల్ వచ్చినప్పుడు మాత్రము వదినగారు మమ్ము తట్టి లేపి, “ఇక్కడికెల్లే మన బొగ్గు సురువైంది” అని చూపిరి. 1871లో భూగర్భశాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున, సింగరేణి గ్రామముచెంత బొగ్గును కనుగొనెను. 1889 నుండి త్రవ్వకము జరిగెను. ఆ బొగ్గు బయటికి వచ్చిన రైలుదారి యీ డోర్నకల్లులోనే పెద్దదారిని కలిసెను. ఆ గ్రామము పేరే 1920లో కంపెనీకి వచ్చి, నేటికిని మా యందఱి అన్నముపై నున్నది. చీకటిలో మాకు స్టేషను దీపములు తప్ప మఱేమియు గనబడలేదు.

బెజవాడలో తెల్లవాఱెను. ఇంద్రకీలాద్రిపై అమ్మవారిని దర్శించుకొని, దిగి వచ్చి భవానీపురమువైపు ఘట్టమునకు చేరితిమి. చదువరులలో ఆ తావును చూడనివారి కొఱకు కొంచెము చెప్పెదము. కొండప్రక్కనే కృష్ణకు అడ్డముగ ప్రకాశము బరాజు కలదు. మొదట 1855లో ఆనకట్ట ముగిసెను. అది 1952లో గండిపడగా, దాని స్థానమున 1957లో ఈ బరాజును ప్రారంభించి, ఆ యేటనే కీర్తిశేషులైన టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. పొడుగు 1,223 మీటర్లు, తలుపులు 70. దానివలన నిలిచిన నీరు చెఱువువలె పరచుకొని, నడుమ 133 ఎకరముల భవానీద్వీపము పచ్చగ తేలియున్నట్లుండును. ఒక ప్రక్క మోటారులు రొదచేయు రహదారి, రెండవ ప్రక్క కొంగలు. పట్టణపు నడుమ ఇంత నీరుండుట మావంటి వారికి వింతయే.

ఘట్టముపై నిలుచుండగా వదినగారు ఎగువవైపు చేయి చూపి, “అది ఏ దిక్కు?” అని మేనకోడలి నడిగిరి. ఏది యని ఆ పిల్ల యడుగలేదు. 2017 నవంబరు 12వ తేది, కార్తిక ఆదివారము. అచ్చటికి కొన్ని మైళ్ల యెగువన, ఇబ్రహీంపట్నము ఫెర్రీచెంత పవిత్రసంగమమున సాయంకాలపు హారతి చూడబోవు యాత్రికుల పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో చాలమంది ఒంగోలు వారు. ఆ పడవకు అనుమతి లేదు. యాత్రికులకు లైఫ్ జాకెట్లు లేవు. తరువాత రెండేండ్లకు, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలకు పోవు పడవ కచ్చులూరువద్ద వఱద గోదావరిలో మునిగెను. అందున్న 77 మందిలో 26 మందియే బ్రతికిరి. ఓరుగల్లు సమీపపు కడిపికొండనుండి బంధువులు కలిసి పోయినవారు ఆ పడవలో నుండిరి. మా మంచిర్యాల జిల్లావారును ఉండిరి. పడవను నదినుండి పైకి తీయుటకే నెలదినములు దాటెను. ఆ దినములలో మా క్వార్టర్లలో టెలివిజను కట్టిన యిల్లు లేదు.

ఆ రెండు పడవలలోని స్త్రీలును మావంటివారే. వంట ముగించుకొని, పిల్లలకు తలలు దువ్వి, ఒక పూట సంతోషముగ గడపుటకు వచ్చినవారే. పడవలో నెక్కునప్పుడు వారిలో నెవరికో సందేహము తోచకుండునా? తోచియుండును. కాని అందఱు నెక్కుచున్నప్పుడు తాను మాత్రము నిలిచి అడుగుట మనకు మర్యాద కాదని నేర్పినారు. మగవా రున్నారు గదా, పడవవాడున్నాడు గదా యని యూరకుందుము. మేమీ వ్యాసము వ్రాయుట కిదియే కారణము. విహారము తరువాతి మాట.

పడవల నద్దెకిచ్చు మనుష్యుడు మర్యాదస్థుడే. ఇద్దరేసి కూర్చుండు పడవలు మూడు, గంటకు బేరము కుదిరెను. తోడుగ నొక కుఱ్ఱవాడు తన పడవలో వచ్చును. లైఫ్ జాకెట్లు ఏవి యని వదినగారడుగగా ఆఱు తెచ్చి మెట్లపై వేసెను. ఆమె యొక్కొక్క దానిని తీసి, గుడ్డను రెండుచేతుల లాగి, కట్లు పెట్టి తీసి చూచిరి. వదినగారి భర్త బాయిలో సర్దారు. పనిస్థలము క్షేమముగ నున్నదని తాను చూచినగాని కూలీలను పనికి విడువని ఉద్యోగ మది. ఆ యలవాటు ఇంటిలోనికిని వచ్చినదని మేము నవ్వుచుందుము. ఒక జాకెట్టు కట్టు విఱిగియుండెను.

“దానికి తాడు కడతానండీ. అయినా ఇక్కడ లోతేముంది? నిలబడితే నడుం దాకా రాదు. రోజూ ఎంతమంది వెళ్తున్నారు!” అని యాతడు.

వదినగారు గొంతు పెంచలేదు. “అన్నా, మేం బొగ్గుబాయి కాడికెల్లి వచ్చినం. బాయిల దిగేటోని టోపీ పట్టా తెగితే తాడు గట్టి పంపరు, వేరే టోపీ ఇస్తరు. లేకుంటే ఆ పూట వాడు దిగడు. ఆరుగురం ఉన్నం, అయిదు మంచిగున్నయి. మరి ఈ పిల్లగాని జాకెట్టేది?” అనిరి.

తోడు రావలసిన కుఱ్ఱవాడు నవ్వెను. వానికి పదునెనిమిదేండ్లుండవచ్చును. “నాకు ఈత వచ్చమ్మా” అనెను.

“మా ఆయనకు బాయి మొత్తం ఎరుకే. టోపీ పెట్టుకోకుండ ఒక్కదినం పోలేదు.”

అచ్చట కొంతసేపు ఎవరును మాటాడలేదు. మూడువందల కిలోమీటర్లు వచ్చితిమి, ఎండ యెక్కుచుండెను, వెనుక మఱికొందఱు పడవలకై కాచుకొనియుండిరి. అక్కగారి కూతురు తల్లి కొంగు లాగుచు, పోనిమ్మని కన్నులతోనే బ్రతిమాలెను. ‘ఒక్క జాకెట్టుకై యింత రచ్చయా’ యని వెనుకనున్నవా రెవరో గొణిగిరి. ఇట్టి సమయముననే మనము ‘సరే’ యందుము. వదినగారు సరే యనలేదు. చివఱకు తేలిన దిది: అయిదు జాకెట్లలో నొకటి ఆ కుఱ్ఱవానికి, మిగిలిన నాలుగింటికి రెండు పడవలు, నలుగురు పోయి వచ్చిన పిమ్మట తక్కిన యిద్దరు. మూడవ పడవ సొమ్మును యజమాని అడుగలేదు. గొణిగినవారు తమ వంతు వచ్చినప్పుడు తామును కట్లు పెట్టి తీసి చూచుట మేము కన్నులార చూచితిమి.

మా అత్తగారు ఘట్టముపై నీడలో కూర్చుండి, మా చెప్పుల నారు జతలను తన ముందు వరుసగ బెట్టుకొనిరి. నీటిపైకి పోయినవారి జతలను నీటివైపు ముందునకు జరిపిరి. బాయిలో ల్యాంపురూమున నిట్టిదే పద్ధతి; దీపము తీసికొన్నవాని బిళ్ల గుర్తుగ నుండును; పైకి వచ్చి దీపము నప్పగించువఱకు వాడు లోపలనే యున్నట్లు లెక్క. ఆమె భర్త ముప్పదేండ్లు ఆ దీపము మోసెను. మేము నేర్పినది గాదు, ఆమెయే చేసెను.

ఇక పడవ మాట. ఈ కాలపు కయాక్ ప్లాస్టిక్కుతో చేసినది. అద్దె కిచ్చునట్టివి పైన కూర్చుండునవి. లోనికి కాళ్లు దూర్చు పని లేదు. అడుగు వెడల్పుగ నుండి, మనము నీటిమట్టముననే కూర్చుందుము గనుక అంత తేలికగ ఒఱగదు. పడవలో అక్కడక్కడ రంధ్రము లుండుట చూచి తోడికోడలు భయపడెను; పైన పడిన నీరు తిరిగి నదిలోనికి పోవుటకే అవి యున్నవట. తెడ్డు ఒకటే, కాని రెండుకొసల రెండు రేకులుండును. కుడిప్రక్క వేసిన పడవ ఎడమకు, ఎడమప్రక్క వేసిన కుడికి తిరుగును. మొదటి పావుగంట మేము ముందునకు పోలేదు, గానుగెద్దువలె చుట్టు తిరిగితిమి. ఒడ్డుననున్న పిల్లలు చప్పట్లు కొట్టిరి.

ఇద్దరున్న పడవలో ఒక చిక్కు కలదు. రోటిలో నిద్దఱు దంచునప్పుడు ఒకరి పోటు తరువాత ఒకరి పోటు పడవలెను. ఆ యలవాటుతోనే మేమును తెడ్లు వేసితిమి. ఒకరి తెడ్డు ఒకరికి తగిలి ఠక్కుమనెను, ఇద్దరమును తడిసితిమి. కయాక్‌లో నిద్దఱును ఒక్కసారి, ఒక్క ప్రక్కనే వేయవలెను. ముందు కూర్చున్నవారు వరుస పట్టుదురు, వెనుకవారు దాని ననుసరించి దారి త్రిప్పుదురు. “లోతుకు దించకండమ్మా, పైపైన లాగండి. చేతులతో కాదు, నడుముతో తిరగండి” అని కుఱ్ఱవాడు చెప్పెను. బతుకమ్మ ఆడునప్పుడు వంగి తిరుగు నడుము మా కున్నది గనుక ఆ మాట వెంటనే అందెను. తరువాత పడవ తిన్నగ సాగెను.

ఆ సాగుట యెట్టిదో చెప్పుట కష్టము. మన జన్మలో మనము బండిలో గాని, రైలులో గాని, ఒకరు తీసికొనిపోగా పోవుదుము. వంటయింటిలో తప్ప మన చేయి వేసినంతనే కదలునది యేమున్నది? అచ్చట తెడ్డు వేసిన నీరు వెనుకకు పోవును, మేము ముందునకు పోవుదుము, అంతే. మోటారు లేదు, చప్పుడు లేదు. గుఱ్ఱపుడెక్క తెప్పలచెంత నీటికాకి యొకటి మునిగి, మేము చూచుచుండగనే చాల దూరమున తేలెను. నీటిమట్టమునుండి చూచినప్పుడు కొండయు, గోపురమును, వంతెనయు అన్నియు రెండింతలు పొడుగుగ కనబడును. నలుబది దాటిన మా తోడికోడలు, కాపురమునకు వచ్చినదాది బిగ్గరగ పాడుట మేమెఱుగము, ఆ నడినీట పాట యెత్తుకొనెను. ఒడ్డునుండి అత్తగారు వినియే యుందురు. తరువాత ఆ మాట యెత్తలేదు.

ఎగువవైపు చూపుచు కుఱ్ఱవాడు ఇబ్రహీంపట్నపు విద్యుత్కేంద్రము సంగతి చెప్పెను. 1979 నుండి అచ్చట బొగ్గుతో విద్యుత్తు తీయుచున్నారు. సింగరేణి బొగ్గు నచ్చట వాడుదురు. మా మగవారు చీకటిలో త్రవ్వినది ఇచ్చట దీపమైనదన్నమాట. అంతకన్న మమ్ము కదలించినది మఱియొకటి. 2015 నుండి పట్టిసీమచెంత గోదావరి నీటిని పంపులతో నెత్తి, పోలవరము కుడికాలువగుండ తెచ్చి, ఆ ఇబ్రహీంపట్నము దగ్గఱనే కృష్ణలో కలుపుచున్నారు. వానకాలమున మంచిర్యాల రేవును దాటి పోయిన నీటిలో కొంత కాళేశ్వరము, భద్రాచలము చూచి, చివఱకీ బరాజు మడుగులో చేరును. మా యూరి నదిమీద నెక్కలేని పడవను మేమీ యూరిలో ఎక్కితిమి. నీటిలో మాత్రము మా పాలు కొంత యున్నది.

బరాజువైపు పోరాదని కుఱ్ఱవాడు మొదటనే కట్టడి చేసెను. తలుపులచెంతను, కాలువల మొగలచెంతను పైకి కనబడని లాగుడుండును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన వఱద వచ్చినప్పుడు, కట్టుతెగిన పెద్దపడవలు కొట్టుకొనిపోయి బరాజు తలుపులకు ఢీకొని, వాని బరువుదిమ్మెలను పగులగొట్టెను. ఇనుప పడవల గతియే అట్లయిన, మన గతి చెప్పనేల? నదిలో ఇసుక త్రవ్విన గుంటలు మఱియొక అపాయము. నడుములోతని యడుగు పెట్టినచోట తలమునుక లుండవచ్చును. కనుక ‘నిలబడిన నడుము రాదు’ అన్న మాటను ఏ నదియందును నమ్మరాదు.

మా తరువాత పోదలచు సోదరీమణులకు కొన్ని మాటలు. చీర వలదు, తడిసిన చీర కాళ్లకు చుట్టుకొని ఈత వచ్చినవారినిగూడ ముంచును. పంజాబీ దుస్తులు మేలు, ఓణీ ఒడ్డున విడువవలెను. జాకెట్టు తొడిగిన పిమ్మట తోడివారిని భుజములయొద్ద పట్టి పైకి లాగుమనవలెను. అది గడ్డము దాటి పైకి వచ్చినచో వదులైనదని యర్థము. పిల్లలకు పెద్దల జాకెట్లు పనికిరావు, జారిపోవును. పడవ తిరుగబడినచో దానిని విడువక పట్టుకొనవలెను, పడవ మునుగదు. ఒడ్డు దగ్గఱగ నున్నట్లు తోచును గాని ఈదబోరాదు. గాలి హెచ్చినను, మబ్బు కమ్మినను ఇచ్చిన సొమ్ము పోయినదని విచారింపక వెనుకకు మరలవలెను. పెద్దపడవ ఎక్కునప్పుడు ఎంతమందికి అనుమతి కలదో, ఎందఱు నెక్కిరో లెక్కించుట తప్పుగాదు. కచ్చులూరు ప్రమాదము తరువాత 2020లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పడవలపై కనిపెట్టుటకు కంట్రోలు రూములు పెట్టెను. 1917 నాటి పాత చట్టమునకు మాఱుగ 2021లో దేశమంతటికిని క్రొత్త పడవల చట్టము వచ్చెను. చట్టము మంచిదే. కాని విఱిగిన కట్టును చూచునది మన కన్నే.

రెండవ విడతలో వదినగారును అక్కగారును పోయిరి. వదినగారు ముందు కూర్చుండి, బాయిలో మాదిరి ఒక్కసారియైన తలయెత్తక, తెడ్డుకు తెడ్డు లెక్కపెట్టుచు నడపిరట. చుట్టును చూచుట మఱచితినని ఒడ్డు చేరిన పిమ్మట విచారించిరి. రెండవ పడవ ఖాళీగ నున్నదిగదా యని మేనకోడలు మరల నెక్కెను. చివఱి జత చెప్పులు వెనుకకు జరిగిన పిమ్మటనే అత్తగారు టిఫిను డబ్బా మూత తీసిరి. పండుగకు చేసిన సకినాలు, పులిహోర, జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు. పడవ కుఱ్ఱవానికి ముందు పెట్టిరి. ‘గుండ్రముగ నిన్ని చుట్లు చేతితోనే త్రిప్పినారా’ యని వాడు సకినమును చూచి ఆశ్చర్యపడెను. మధ్యాహ్నము పెద్దపడవలో ద్వీపమునకు పోయి చెట్లనీడను తిరిగితిమి. అది అందఱును చేయునదే.

తిరుగు ప్రయాణమున భుజములు లాగి, పై బెర్తుకు సంచి నెత్తలేకపోతిమి. తెల్లవాఱుజామున బండి రామగుండము దాటి గోదావరి వంతెన యెక్కెను. క్రింద ఇసుకమేటల నడుమ సన్నని పాయలో, పొగమంచున, చేపలవాడొకడు తెప్పపై నిలుచుండి వల విసరుచుండెను. మేము కాశీతీర్థము వేసినట్లు నాణెములు వేయుటకు కిటికీచెంత చేరితిమి. అత్తగారు మమ్ము త్రోసికొని వంగి చూచి, “ఆ పిల్లగానికి జాకెట్ లేదేందే?” అనిరి.